పదకొండో కుర్చీ

లోపలి మాటలు బయట చెప్పకూడదన్నారు.
చెప్పను.
మిగతా పద్నాలుగుమంది జ్యూరర్లు ఏమనుకున్నారో
వాళ్ళకే వదిలేస్తాను.
నాలో నేను అనుకున్నవి మాత్రం నావే కదా,
వాటికి ఏ జడ్జీ తాళం వెయ్యలేదు.

నవంబరు. అబర్డీన్ కోర్టు. పదకొండో కుర్చీ.
ఫ్రేజర్‌బరాలో చీకటుండగానే బస్సెక్కేదాన్ని.
ఎంత తోముకున్నా చేతుల్లో హెర్రింగ్ చేపల వాసన.
నిందితురాలు ఆడమనిషి అన్నారు.
అనగానే ఒక బొమ్మ గీసుకున్నాను:
రేగిన జుట్టు, తాగుడు, వెనకాల ఎవడో మగాడు.
వాడే చేయించి ఉంటాడు అనేసుకున్నాను,
రొట్టె మీద వెన్న రాసుకున్నంత తేలిగ్గా.

ఆమె వచ్చి కూర్చుంది.
ఇసొబెల్ గెడ్డెస్. అరవై ఎనిమిదేళ్ళు.
చర్చిలో పిల్లలకు పాట నేర్పిన మనిషి.
నా స్వెటరు లాంటిదే వేసుకుంది,
అదే దుకాణం, అవే బొత్తాలు.
దగ్గొస్తే చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది.

అయితే పిచ్చిదేమో అనుకున్నాను.
డాక్టరు బోనెక్కి, కాదన్నాడు.
పోనీ, ఒంటరిదేమో.
మొగుడు రెండో వరసలోనే ఉన్నాడు,
పిప్పరమెంటు చప్పరిస్తూ.

స్ట్రూవన్ వచ్చాడు.
నడిసముద్రంలో చమురు బావుల మీద పని.
ఆ భుజాలు చూసి,
ఇంతటివాణ్ణి ఆమె ఏం చెయ్యగలదు అనిపించింది.
అప్పుడు అతనికి పదకొండేళ్ళు.
లెక్క తెలిసినదాన్నే, అయినా
ఆ భుజాలు తీసేసి అతన్ని చూడ్డానికి
నాకు ఒక పూట పట్టింది.

పంతొమ్మిదో ఏట ధైర్యం చేసి స్టేషన్‌కి వెళ్ళాడట.
సార్జెంటు పెన్ను కింద పెట్టి నవ్వాడట:
"మా రోజుల్లో మాకా అదృష్టం లేకపోయింది!"
వింటుంటే నా పెదవి చివర కాస్త కదిలింది.
ఎవరూ చూడలేదు.
నాకు మాత్రం తెలుసు.

"అంత బాధైతే ప్రతి గురువారం మళ్ళీ ఎందుకెళ్ళావు?"
లాయరు మర్యాదగానే అడిగాడు.
"నెల ఫీజు అమ్మ ముందే కట్టేసేది," అన్నాడు.
తర్వాత, ఎవరూ అడక్కుండానే,
"ఆవిడ నాకో స్వెటరు అల్లి ఇచ్చింది. ఆకుపచ్చది.
బాగుందని అమ్మ అదే తొడిగేది.
మెడ దగ్గర గుచ్చుకునేది."
అంతే. నీళ్ళు తాగాడు.

మర్నాడు ఊనా బ్యూకన్ వచ్చింది.
ఆడపిల్లని కూడానా, అనుకున్నాను.
ఎక్కడ నేర్చుకున్నానో ఆ "కూడానా"ని!
ఆడదానికి ఆడదే అండ అని పెరిగినదాన్ని.
పోలీసులు తనని అడిగిన మొదటి ప్రశ్న చెప్పింది:
"ఆ ఇంట్లో మగవాళ్ళెవరెవరు ఉండేవారు?"

కంచె చేను మేస్తుందని విన్నాం.
ఆ కంచెకి ఎప్పుడూ మీసాలే గీశాం.

నా ఇద్దరు పిల్లలకీ నేను చెప్పిందొకటుంది.
తప్పిపోతే ఏడవకండి,
ఎవరైనా ఆడమనిషి దగ్గరికి వెళ్ళండి.
చాలాసార్లు అది సరైన మాటే.
చాలాసార్లు.
ఆ మాట చివర ఇంకేదో చెప్పాల్సింది,
ఇప్పటికీ దానికి వాక్యం కుదరడం లేదు.

తీర్పు పేపర్లో వచ్చింది, అక్కడ చదువుకోండి.
చివరి రోజు ఆమె మా వైపు తిరిగి చిన్నగా నవ్వింది,
టీకి పిలిచినట్టు.
చెయ్యెత్తి పలకరించబోయి ఆగాను.
అలవాటు.

బస్సులో కిటికీ మీద వాన.
ఇంటికొచ్చి నా స్వెటరు విప్పి
సంచిలో పెట్టాను, మళ్ళీ తీశాను.
దాని తప్పేముంది, ఉన్ని.

ఆదివారం మనవణ్ణి క్లాసుకి తయారుచేస్తున్నా.
వద్దు నానీ, గుచ్చుకుంటుంది, అన్నాడు.
ఎప్పుడైతే, నోర్మూసుకుని తొడుక్కో అనేదాన్ని.
చలి బాగానే ఉంది.
అయినా, పక్కన కూచుని
"ఎక్కడ్రా?" అన్నాను.